స్పోర్ట్స్ కారు ఇంటి మరమ్మతు: పానా పట్టే ముందు జరగాల్సిన పని

రోజూ ఆఫీసుకి తిరిగే కారు అరిగి పాడవుతుంది. స్పోర్ట్స్ కారు చాలావరకు కదలక పాడవుతుంది. వారాల తరబడి కవర్ కింద ఉంటుంది. బయటికి తీసిన రోజున మాత్రం ఇంజన్ రెడ్‌లైన్ (తిరగగల గరిష్ఠ స్పీడు) దాకా వెళ్తుంది, బ్రేకులు పొగలు కక్కుతాయి. ఈ రెండూ ఒకే బండికి జరుగుతుంటాయి కాబట్టి ‘ఇన్ని వేల కిలోమీటర్లకు ఇది మార్చాలి’ అని చెప్పే సర్వీస్ పట్టిక ఇక్కడ సగమే పనికొస్తుంది. ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు తిరగని కారులో కూడా బ్రేక్ ఆయిల్ నీరు పీల్చుకుంటూనే ఉంటుంది, టైరు రబ్బరు గట్టిపడుతూనే ఉంటుంది, బ్యాటరీ దిగిపోతూనే ఉంటుంది.

అందుకే ఈ కార్లకు ఇంట్లో సొంతంగా చేసుకునే పని విలువ ఎక్కువ. ఆ విలువంతా మెకానిక్ చార్జీ మిగలడంలోనే ఉందనుకుంటే మాత్రం లెక్క తప్పుతుంది. సర్వీస్ సెంటర్‌కి కారు కనబడేది గంటో రెండు గంటలో. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మొదటి రెండు నిమిషాలు మాత్రమే వచ్చే చప్పుడు, అరగంట నడిపాక గానీ మొదలుకాని కుదుపు వాళ్లకు దొరకవు. ఓనరుకు దొరుకుతాయి. ఓనరు దగ్గర ఖరీదైన పరికరాలు లేకపోయినా సమయం ఉంటుంది, కారు నిన్నటిదాకా ఎలా ఉందో గుర్తుంటుంది. కాబట్టి ఇంట్లో చేయగలిగిన వాటిలో అన్నిటికన్నా లాభసాటి పని లోపం ఎక్కడుందో తేల్చడం. విప్పడం, బిగించడం ఆ తర్వాతి సంగతి.

ఆచరణలో జరిగేది దీనికి తలకిందులుగా ఉంటుంది. చెక్ ఇంజన్ లైటు వెలిగిందని సెన్సర్ మారుస్తారు. తగ్గకపోతే కాయిల్ (ప్లగ్గుకి కరెంటు ఇచ్చేది), అప్పటికీ తగ్గకపోతే పంపు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు సాగే ఈ పద్ధతిలో మూడో భాగం కొనేసరికి, మంచి వర్క్‌షాప్‌లో సరైన పరీక్ష చేయించడానికి అయ్యే ఖర్చు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

బ్యాటరీ: అన్నిటికన్నా ముందు చూడాల్సింది

స్టార్ట్ కాలేదంటే మొదటి అనుమానం బ్యాటరీ మీదే పెట్టాలి. ఎలక్ట్రానిక్స్ ఎక్కువున్న కార్లలో అయితే గేరు పడకపోయినా, స్టీరింగ్ హెచ్చరిక వచ్చినా, డ్యాష్‌బోర్డులో ఒకేసారి నాలుగైదు లైట్లు వెలిగినా కూడా అంతే. వోల్టేజ్ పడిపోయినప్పుడు ఒక్కో కంట్రోల్ యూనిట్ ఒక్కో రకంగా గోల పెడుతుంది. అవన్నీ వేర్వేరు రోగాలు కావు.

రాత్రంతా కదలకుండా ఉన్న బ్యాటరీ టెర్మినళ్ల మీద మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. 12.4 అంటే దాదాపు ముప్పావు చార్జి, 12.2 అంటే సగం. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.7 మధ్య ఉంటే ఆల్టర్నేటర్ పని చేస్తున్నట్టే. పూర్తిగా చార్జి చేసిన బ్యాటరీ కూడా సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందికి పడిపోతుంటే ఇక దాన్ని మార్చడమే.

కొత్త బ్యాటరీ వేసినా వారానికల్లా దిగిపోతుంటే కారు ఆగి ఉండగా ఏదో కరెంటు లాగుతోందని అర్థం. దాన్ని కొలవాలంటే నెగటివ్ కేబుల్ తీసి, కేబుల్‌కీ బ్యాటరీకీ మధ్య మల్టీమీటర్‌ని 10 ఆంపియర్ల రేంజిలో పెట్టాలి. డోరు లాచ్‌ని, బానెట్ లాచ్‌ని స్క్రూడ్రైవర్‌తో మూసినట్టు నొక్కి, కారు లాక్ చేసి అరగంట పైనే ఆగాలి. కారులోని యూనిట్లన్నీ ఒక్కసారిగా నిద్రపోవు, ఒకదాని తర్వాత ఒకటి పడుకుంటాయి. చివరికి మీటర్ 50 మిల్లీ ఆంపియర్ల లోపు చూపిస్తే సమస్య లేనట్టు. మీటర్ అలా ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకూడదు, మీటర్ లోపలి ఫ్యూజు ఎగిరిపోతుంది. అంకె ఎక్కువగా ఉంటే చాలామంది వెంటనే ఫ్యూజులు ఒక్కొక్కటి పీకడం మొదలుపెడతారు. దాంతో నిద్రపోయిన యూనిట్లు మళ్లీ లేచి కూర్చుంటాయి, లెక్క మొదటికొస్తుంది. పీకకుండా, ప్రతి ఫ్యూజు తల మీదున్న రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీ వోల్టులు కొలవడం మేలు. సున్నా కాకుండా ఏదైనా వచ్చిందంటే ఆ సర్క్యూట్‌లో కరెంటు పారుతోందన్నమాట. తరచూ పట్టుబడేవి బయట బిగించిన డ్యాష్ కెమెరా, యాంప్లిఫయర్, ఆరిపోని గ్లోవ్ బాక్స్ లైటు. కోడ్లు చదవడానికి పెట్టి మర్చిపోయిన స్కానర్ ముక్క కూడా ఈ జాబితాలో ఉండటం ఒక తమాషా.

ఏ లోపమూ లేని కారు లెక్క కూడా చూద్దాం. 50 మిల్లీ ఆంపియర్లు అంటే రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు. 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగం పోవడానికి 25 రోజులు చాలు. అంటే నెలరోజులు పక్కన పెట్టిన కారు మొరాయించిందంటే అది రోగం కాకపోవచ్చు, మామూలు లెక్కే. దానికి మందు మెయింటెయినర్ చార్జర్, అంటే ఆగి ఉన్న కారు బ్యాటరీని దిగిపోకుండా నిలబెట్టే చార్జర్. అదే అర ఆంపియర్ లాగుతుంటే సగం బ్యాటరీ రెండున్నర రోజుల్లో ఖాళీ. బ్యాటరీ లిథియం రకమైతే దానికి సరిపోయే చార్జరే వాడాలి.

బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే స్పోర్ట్స్ కార్లలో కొత్త చిక్కులు వస్తాయి. 997 తరం పోర్షే 911, 987 తరం బాక్‌స్టర్‌లలో ముందు డిక్కీ మూత తెరుచుకునేది కరెంటుతో. బ్యాటరీ ఉన్నదీ ఆ మూత కిందే. దీనికోసమే కాళ్ల దగ్గరున్న ఫ్యూజుల పెట్టెలో బయటికి లాగగలిగే పాజిటివ్ టెర్మినల్ ఒకటి పెట్టారు. దానికి ఇంకో బ్యాటరీ నుంచి 12 వోల్టులు, డోరు లాచ్ కొక్కేనికి నెగటివ్ ఇస్తే మూత తెరుచుకుంటుంది. అది మూత తెరవడానికే. దాని ద్వారా ఇంజన్ స్టార్ట్ చేయబోతే వైరు కాలుతుంది. ఫ్రేము లేని డోర్లున్న కూపేలలో ఇంకో ప్రమాదం ఉంది. డోరు తీసినప్పుడు అద్దం కొద్దిగా కిందికి దిగి, వేశాక పైకెళ్లాలి. కరెంటు లేకపోతే దిగదు. ఆ స్థితిలో డోరు గట్టిగా వేస్తే అద్దమో రబ్బరు అంచో దెబ్బతింటుంది. పాత మజ్దా ఎంఎక్స్-5లలో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది కాబట్టి గ్యాస్ బయటికి పోయే గొట్టం ఉన్న రకమే వేయాలి. షాపులో చేతికందిన బ్యాటరీ పట్టదు, పట్టినా వేయకూడదు.

చెక్ ఇంజన్ లైటు చెప్పేది, చెప్పనిది

ఇంజన్ లోపాలను కోడ్లుగా నమోదు చేసే ఓబీడీ-2 వ్యవస్థ అమెరికాలో 1996 మోడల్ నుంచి తప్పనిసరి అయింది. ఐరోపాలో పెట్రోల్ కార్లకు 2001లో వచ్చింది. అందువల్ల అక్కడి ఆ తర్వాతి కార్లన్నిటిలో ఇంజన్ కోడ్లు చవక స్కానర్‌తోనే చదవచ్చు. చిక్కల్లా కోడ్‌ని తీర్పులా చదవడంలో ఉంది. కోడ్ చెప్పేది లక్షణం మాత్రమే. ‘పీ0171’ అంటే మొదటి బ్యాంకులో (ఒక వరస సిలిండర్లలో) గాలికి తగ్గ పెట్రోల్ లేదని. ఆక్సిజన్ సెన్సర్ పోయిందని కాదు. ఆ సెన్సర్ తన పని తాను చేసింది కాబట్టే ఆ కోడ్ వచ్చి ఉండొచ్చు.

కోడ్ చూడగానే చేయకూడని పని దాన్ని చెరిపేయడం. కోడ్ పడిన క్షణంలో ఇంజన్ స్పీడెంత, లోడెంత, కూలెంట్ వేడెంత అనే వివరాలు ఫ్రీజ్ ఫ్రేమ్‌గా నిల్వ ఉంటాయి. చెరిపితే అవీ పోతాయి. ముందు వాటిని రాసుకోవాలి.

ఇంజన్ మిస్ కొడుతుంటే పని సులువు. ‘పీ0301’ అంటే ఒకటో సిలిండర్. ఒకటో సిలిండర్ కాయిల్‌ని మూడోదానికి, మూడోదాన్ని ఒకటోదానికి మార్చి నడపాలి. కోడ్ ‘పీ0303’గా మారితే కాయిల్ దొంగ దొరికినట్టే. మారకపోతే ప్లగ్గుని, ఆ తర్వాత ఇంజెక్టర్‌ని ఇలాగే అటూ ఇటూ మార్చి చూడాలి. మూడూ మార్చినా ఒకటో సిలిండరే మిస్ కొడుతుంటే కంప్రెషన్, లీక్‌డౌన్ పరీక్షల (సిలిండర్‌లో ఒత్తిడి ఎంత పుడుతోందో, ఎంత కారిపోతోందో చూసేవి) దాకా వెళ్లాలి. ఇక్కడిదాకా ఒక్క భాగం కూడా కొనలేదని గమనించాలి. లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటే మాత్రం ఈ పరీక్షలు కారు నడుపుతూ చేయకూడదు. కాలని పెట్రోల్ పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది, కాయిల్ ఖర్చు కాస్తా కన్వర్టర్ ఖర్చు అవుతుంది.

పెట్రోల్ తక్కువ కోడ్లకు స్కానర్‌లోని ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు చూడాలి. ఇది నేర్చుకుంటే సగం టెన్షన్ పోతుంది. కంప్యూటర్ తన లెక్కకన్నా ఎంత శాతం ఎక్కువ పెట్రోల్ పోయాల్సి వస్తోందో ఈ అంకె చెబుతుంది. షార్ట్ టర్మ్ (అప్పటికప్పుడు చేసే సవరణ), లాంగ్ టర్మ్ (కొంతకాలంగా నేర్చుకున్న సవరణ) రెండూ కలిపి పది శాతం లోపు ఉంటే కంగారు లేదు. ప్లస్ 20 ఉందనుకుందాం. అప్పుడు ఐడ్లింగ్‌లో ఒకసారి, 2,500 ఆర్పీఎం దగ్గర ఒకసారి చూడాలి. ఐడ్లింగ్‌లో ఇంజన్ సెకనుకు 4 గ్రాముల గాలి పీలుస్తోందని, ఎక్కడో పగిలిన గొట్టం నుంచి మరో 0.8 గ్రాములు లెక్కలోకి రాకుండా దూరుతోందని అనుకుందాం. తేడా 20 శాతం. యాక్సిలరేటర్ నొక్కి 16 గ్రాములకు తెస్తే ఆ 0.8 గ్రాముల వాటా 5 శాతమే. కాబట్టి ఐడ్లింగ్‌లో ఎక్కువై, స్పీడు పెంచితే తగ్గే ట్రిమ్ వ్యాక్యూమ్ లీకుని, అంటే లెక్కలోకి రాని గాలి దూరే సందుని, చూపిస్తుంది. ఐడ్లింగ్‌లో బాగుండి లోడు పెరిగేకొద్దీ పెరుగుతుంటే పెట్రోల్ సరిగా అందడం లేదు, లేదా గాలిని కొలిచే సెన్సర్ మురికి పట్టి తక్కువ చెబుతోంది. ఆయిల్ పట్టించే స్పోర్ట్స్ ఎయిర్ ఫిల్టర్‌కి ఆయిల్ ఎక్కువైతే అది వెళ్లి ఈ సెన్సర్ మీదే కూర్చుంటుంది. ఇదంతా మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న ఇంజన్ల మాట. ప్రెషర్ సెన్సర్‌తో గాలిని లెక్కకట్టే ఇంజన్లలో వ్యాక్యూమ్ లీకు ఎక్కువగా ఐడ్లింగ్ స్పీడు పెరగడంలో బయటపడుతుంది.

లీకు ఎక్కడో తెలియాలంటే స్మోక్ మెషీన్‌తో పొగ పట్టించడం సరైన దారి. వేడి సైలెన్సర్ గొట్టాల పక్కన మండే స్ప్రే కొట్టి వెతికే అలవాటు చాలామందికి ఉంది. స్పోర్ట్స్ కారు ఇంజన్ గదిలో ఖాళీ తక్కువ, వేడి ఎక్కువ. అది మానుకోవాల్సిన అలవాటు.

‘పీ0420’ గురించి ఒక్క మాట. కన్వర్టర్ పని చేయడం లేదని ఈ కోడ్ అనుమానిస్తుంది. కొత్త కన్వర్టర్ కొనేముందు దానికి ముందున్న గొట్టంలో ఎక్కడైనా లీకుందేమో చూడాలి. ఆ సందులోంచి దూరే గాలి కూడా సెన్సర్లను తప్పుదోవ పట్టిస్తుంది.

ఆయిల్ చూసే పద్ధతే వేరు

మామూలు కారులో ఇంజన్ ఆపి, చల్లారాక డిప్‌స్టిక్ తీసి చూడటం అందరికీ అలవాటు. డ్రై సంప్ (ఆయిల్ ఇంజన్ అడుగున కాకుండా విడి ట్యాంకులో ఉండే ఏర్పాటు) ఉన్న కార్లలో ఆ అలవాటే కొంప ముంచుతుంది. పాత ఎయిర్ కూల్డ్ 911ని తీసుకుంటే, దాని ఆయిల్ విడిగా ఉన్న ట్యాంకులో ఉంటుంది. ఇంజన్ ఆపాక కొంత కిందికి జారిపోతుంది. చల్లగా చూస్తే డిప్‌స్టిక్ ఖాళీగా కనబడుతుంది. నిజానికి ఇంజన్ పూర్తిగా వేడెక్కి, సమతలం మీద ఐడ్లింగ్‌లో నడుస్తుండగా చూడాలి. తెలియక చల్లటి ఇంజన్‌లో లీటరు పోస్తే ఎక్కువైన ఆయిల్ గాలి గొట్టాల్లోకి ఎక్కి నీలి పొగ వస్తుంది. దాన్ని చూసి పిస్టన్ రింగులు పోయాయని బెంబేలెత్తిపోతారు. ఏ కారైనా సరే, మాన్యువల్‌లో ఆయిల్ కొలిచే పేజీ చదివాకే డబ్బా మూత తీయాలి.

కూలెంట్ వేడెక్కినంత త్వరగా ఆయిల్ వేడెక్కదన్నది ఇంకో సంగతి. కూలెంట్ ముల్లు మధ్యకి వచ్చినంత మాత్రాన రెడ్‌లైన్ దాకా లాగడానికి ఇంజన్ సిద్ధం కాదు. ఈ46 తరం బీఎండబ్ల్యూ ఎం3 టాకోమీటర్ (ఇంజన్ స్పీడు చూపే మీటర్) చుట్టూ కొన్ని లైట్లు పెట్టారు. ఆయిల్ వేడెక్కేకొద్దీ అవి ఒక్కొక్కటే ఆరుతూ, ఎంత స్పీడు దాకా వెళ్లొచ్చో చూపిస్తాయి. ఆ కారు ఇంజన్‌లో కనెక్టింగ్ రాడ్ బేరింగులు సున్నితమైన చోటు. చిక్కటి 10డబ్ల్యూ-60 ఆయిల్ వాడమన్నారు కాబట్టి చల్లగా ఉన్నప్పుడు తొందరపెట్టకపోవడం అక్కడ మరీ ముఖ్యం.

ఆయిల్ మార్చడం ఇంట్లో చేసుకునే పనుల్లో తేలికైనదే. ఫిల్టర్‌ని చెత్తబుట్టలో పడేయకుండా కోసి చూస్తేనే దాని అసలు ఫలితం. కాగితపు మడతలు విప్పి వెలుతురులో పరిస్తే మెరిసే రేణువులు కనబడతాయి. అయస్కాంతానికి అంటుకుంటే ఇనుము. అంటుకోకుండా రాగి రంగులోనో బూడిద రంగులోనో ఉంటే బేరింగుల లోహమో అల్యూమినియమో. 986 బాక్‌స్టర్, 996 తరం 911లలో వాడిన ఎం96 ఇంజన్‌కి ఈ పరీక్ష మరీ అవసరం. అందులోని ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ విరిగితే వాల్వుల టైమింగ్ తప్పి ఇంజన్ మొత్తం పోతుంది. విరగడానికి ముందు అది విడిచే ముక్కలు కొన్నిసార్లు ఫిల్టర్‌లో చిక్కుతాయి. ‘కొన్నిసార్లు’ అన్న మాట ఇక్కడ మర్చిపోకూడదు. శుభ్రమైన ఫిల్టర్ గ్యారంటీ ఏమీ ఇవ్వదు. అందుకే క్లచ్ మార్చడానికి గేర్‌బాక్స్ దింపినప్పుడే ఈ బేరింగ్ కూడా మార్పించుకుంటారు. 2009 మోడల్ నుంచి వచ్చిన కొత్త ఇంజన్లలో ఆ షాఫ్టే లేదు. 996 టర్బో, జీటీ3లలో ఉన్నది వేరే ఇంజన్, వాటికీ ఈ బెడద లేదు.

పిస్టన్లకు బదులు తిరిగే రోటర్లుండే రోటరీ ఇంజన్‌ది మరో దారి. మజ్దా ఆర్ఎక్స్-8 కావాలనే కొంత ఆయిల్ లోపల కాలుస్తుంది, సీళ్లకు తడి అందాలి కాబట్టి. కాబట్టి ఆయిల్ తగ్గుతోందని కంగారు పడనక్కర్లేదు. పెట్రోల్ పోయించిన ప్రతిసారీ ఆయిల్ చూసుకోవడం అలవాటు చేసుకుంటే చాలు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, కారు పది అడుగులు జరిపి ఆపేస్తే లోపల పెట్రోల్ నిండి మళ్లీ స్టార్ట్ కాదు. దీని కంప్రెషన్‌ని మామూలు గేజ్‌తో కొలిస్తే ఒక్కో రోటర్‌కున్న మూడు ముఖాల్లో బాగున్నదాని అంకె మాత్రమే కనబడుతుంది. అమ్మేవాళ్లు చూపించే అలాంటి రిపోర్టుని నమ్మి కొనడం తెలివైన పని కాదు.

బ్రేకులు, టైర్లు, వేడి

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. ఊళ్లో తిరిగే కారుకి ఆ తేడా తెలియకపోవచ్చు. ఘాట్ రోడ్డు మీద వరసగా బ్రేకులు నొక్కితే ఆయిల్ ఆవిరై పెడల్ మెత్తగా కిందికి పోతుంది. కిలోమీటర్లతో పని లేకుండా రెండేళ్లకోసారి మార్చాలని చెప్పేది ఇందుకే. డాట్ 5 సిలికాన్ రకం, డాట్ 5.1తో పేరులో దగ్గరగా ఉన్నా పూర్తిగా వేరు. ఒకదానిలో ఇంకోటి కలపకూడదు.

బ్రేక్ నొక్కితే స్టీరింగ్ వణుకుతుంటే ‘డిస్క్ వంగింది’ అనేస్తారు. చాలాసార్లు డిస్క్ మీద ప్యాడ్ పదార్థం ఒకచోట మందంగా, ఇంకోచోట పలచగా అంటుకుని ఉంటుంది. ప్యాడ్లను డిస్క్‌కి పద్ధతిగా మళ్లీ అలవాటు చేస్తే తగ్గే అవకాశం ఉంది. కార్బన్ సెరామిక్ డిస్కులున్న కారు చక్రం విప్పేటప్పుడు గైడ్ పిన్ వాడాలి. చక్రం జారి డిస్క్ అంచుకి తగిలిందా, పెచ్చు లేచిపోతుంది.

టైరు మీద గాడి లోతుకన్నా ముందు పక్కనున్న నాలుగంకెల కోడ్ చూడాలి. 3521 అంటే 2021లో 35వ వారం తయారీ. గాడి నిండుగా ఉన్నా ముసలి టైరు తడి రోడ్డు మీద పట్టు ఇవ్వదు. వెడల్పు టైర్ల లోపలి అంచు నిలబడి చూస్తే కనబడదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, లేదా కారు పైకెత్తి చూస్తే కొన్నిసార్లు అక్కడ తీగలే బయటపడి ఉంటాయి. దానికి నెగటివ్ క్యాంబర్‌ని (చక్రం పైభాగం లోపలికి వాలి ఉండటాన్ని) తిడతారు గానీ ఎక్కువ పాపం టో సెట్టింగ్‌ది (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం).

రేడియేటర్లు ముందు బంపర్ మూలల్లో ఉన్న కార్లకు ఒక చిన్న పని పెద్ద లాభం ఇస్తుంది. బాక్‌స్టర్, 911 లాంటి వాటిలో గాలి దూరే సందుల్లో ఆకులు పోగుపడి తడిసి ముద్దవుతాయి. వేడి బయటికి పోదు, ఏసీ కండెన్సర్ తుప్పు పడుతుంది. టార్చి వేసి చూసి వ్యాక్యూమ్ క్లీనర్‌తో లాగేస్తే చాలు. సాఫ్ట్‌టాప్ కార్లలో పైకప్పు నీళ్లు పోయే గొట్టాలకూ ఇదే గతి. ఎంఎక్స్-5లో అవి పూడుకుపోతే నీరు సిల్ (డోరు కింది పట్టీ) లోపలికి చేరి కంటికి కనబడకుండా తుప్పు తింటుంది.

ఎత్తడం, బిగించడం, ఆగిపోవడం

కారు కిందికి వెళ్లే ప్రతి పనిలో జాకీ ఎత్తడానికే, మోయాల్సింది స్టాండ్లు. ఇందులో మినహాయింపు లేదు. కారు ఎత్తు తక్కువ కాబట్టి జాకీ దూరదు, ముందు చక్రాలను చెక్క పలకల మీదకి ఎక్కించుకుంటే దూరుతుంది. జాకీ పెట్టే చోటు మాన్యువల్‌లో చూసి, మధ్యలో రబ్బరు ప్యాడ్ వేయాలి.

పనిముట్ల పెట్టె కొనేముందు టార్క్ రెంచ్ కొనడం మేలు. అల్యూమినియంలోకి బిగించే బోల్టుని చేతి అంచనాతో బిగిస్తే మర అరిగిపోతుంది. రెంచ్‌ని విప్పడానికి వాడకూడదు, వాడాక కనిష్ఠ అంకెకి తిప్పి పెట్టాలి. మధ్యలో ఒకే నట్టు ఉండే సెంటర్ లాక్ చక్రాల సంగతి వేరు. 991 తరం 911 జీటీ3కి 600 న్యూటన్ మీటర్లు కావాలి. ఇంట్లో ఉండే మామూలు రెంచ్ అంత దూరం వెళ్లదు, ఆ పని చేసేవాళ్లకే వదిలేయాలి.

వదిలేయాల్సినవి ఇంకా ఉన్నాయి. ఎయిర్‌బ్యాగులు, ఏసీ గ్యాస్, సస్పెన్షన్ స్ప్రింగులు, హైబ్రిడ్ కార్లలో హై వోల్టేజ్ పారే నారింజ రంగు కేబుళ్లు. డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ ఆయిల్‌ని నిర్ణీత వేడి దగ్గర, స్కానర్ చూస్తూ లెవెల్ చేయాలి కాబట్టి అదీ అంతే. వీటి దగ్గర ఆగిపోయినా ఇంట్లో చేసిన పని వృథా పోదు. ‘బండి కుదుపుతోంది, చూడండి’ అని తాళాలు ఇచ్చేస్తే మెకానిక్ కూడా ఊహలతోనే మొదలుపెట్టాలి. ‘ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, మూడో గేరులో, 2,000 నుంచి 2,500 మధ్య మిస్ కొడుతోంది. ఒకటి, మూడు కాయిల్స్ అటుదిటు మార్చాం, కోడ్ మారలేదు. ప్లగ్గు, ఇంజెక్టర్ కూడా మార్చి చూశాం’ అని కాగితం మీద రాసిస్తే అతను నేరుగా లీక్‌డౌన్ టెస్టుతో మొదలుపెడతాడు.